ముందు చిన్న లైను, తర్వాత పెద్ద లైను: ఫోనులో ఇమిడే మెనూ

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసలో మా లెక్కల మాస్టారు కూర్చున్నారు, ఆయనకి ప్రత్యేకంగా నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫ్యాను కింద ఖాళీ ఉంది, వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి. తెర మీద అక్షరాలు చిన్నగా ఉంటే చెప్పండి, పెంచుతాను.

ఇవాళ నేను తీసుకున్నది చిన్న విషయం. వెబ్‌సైటుకి పైన ఉండే మెనూ. కంప్యూటర్లో ఎలా ఉండాలి, ఫోనులో ఎలా ఉండాలి, ఒకే కోడుతో రెండుచోట్లా ఎలా నడపాలి, అంతే. పదకొండేళ్లుగా విశాఖపట్నంలో ఇదే పని చేస్తున్నాను. జనం విసుగొచ్చి సైటు మూసేయడం నేను ఎక్కువగా చూసింది మెనూ దగ్గరే.

మన స్టేషను సంగతితో మొదలుపెడతాను. నౌపడా నుంచి మన ఊరికి 1900లో రైలొచ్చింది. చిన్న లైను. పట్టాకి పట్టాకి మధ్య 762 మిల్లీమీటర్లు. నా చిన్నతనంలో మా నాన్నతో టెక్కలి వెళ్లింది ఆ బండిలోనే. ఆ తర్వాత దాన్ని పెద్ద లైను చేశారు, 1676 మిల్లీమీటర్లు. 2011లో పెద్ద బండి గుణుపురం దాకా వెళ్లింది. కానీ ఆ మార్పు కోసం ఏళ్ల తరబడి రైలే ఆపేశారు. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బస్సుల కోసం పడ్డ పాట్లు. పాత పెట్టెలేవీ కొత్త పట్టాల మీదికి రాలేదు.

వెబ్‌సైటుకి అలా ఆగే వీలు లేదు. ఒకే గంటలో ఒకరు 360 పిక్సెళ్ల, అంటే అన్ని తెర చుక్కల వెడల్పున్న ఫోనులో తెరుస్తారు, ఇంకొకరు 1366 పిక్సెళ్ల ల్యాప్‌టాప్‌లో తెరుస్తారు. చిన్న లైను మీదా పెద్ద లైను మీదా అదే బండి నడవాలి. దీనికి ఈథన్ మార్కాట్ అనే ఆయన 2010లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు. నేను ఇమిడే పేజీ అంటాను. ఎక్కడ పెడితే అక్కడ ఇమిడిపోవాలి.

సరే, మనకి ఉదాహరణ కావాలి. ఒక చిన్న తెలుగు గ్రంథాలయానికి సైటు చేస్తున్నాం అనుకోండి. నాకు మొదట ఇచ్చిన కాగితం మీద మెనూ ఇలా ఉంది: హోమ్, మా పరిచయం, గ్రంథ సూచిక, కార్యక్రమ విశేషములు, చిత్రమాలిక, సభ్యత్వ నమోదు, సంప్రదింపులు. ఏడు. కోడు రాయకముందు ఈ కాగితం పట్టుకుని కూర్చోవాలి. ఇది చదివి ‘గ్రంథ సూచిక’ అంటే లోపల ఏముంటుందో మన వీధిలో ఎంతమంది చెప్పగలరు? పుస్తకాలు కావాల్సిన మనిషి ‘పుస్తకాలు’ అన్న మాట కోసమే వెతుకుతాడు.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి, సవర గిరిజనుల భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన తిరిగిన వీధుల్లో కూర్చుని మనం మెనూలో ‘విశేషములు’ అని రాస్తే నాకు మనసు ఒప్పదు. అందుకే మార్చాను. మొదటి పేజీ. పుస్తకాలు. వార్తలు. ఫొటోలు. సభ్యులవ్వండి. ఫోన్, చిరునామా. ‘మా పరిచయం’ తీసేశాను, అది మొదటి పేజీలోనే రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మాటలు పొట్టివయ్యాయి, ఒకటి తగ్గింది, చోటు మిగిలింది. సగం పని కోడు లేకుండానే అయిపోయింది. మీరు నేర్చుకునే పాఠాల్లో ఈ భాగం ఉండదు, నేను మాత్రం దీని మీద ఒక పూట గడుపుతాను. మాటల జాబితా రాసి ఇంట్లో వాళ్లకి చూపిస్తాను. ‘దీని మీద నొక్కితే ఏం వస్తుందనుకుంటున్నావు?’ అని అడుగుతాను. తప్పు చెబితే ఆ తప్పు నాది.

ఇప్పుడు తెర చూడండి. నావ్ అనే ట్యాగు, అంటే పేజీలో ఏది ఏమిటో బ్రౌజరుకి చెప్పే గుర్తు. అందులో యూఎల్, అంటే జాబితా. అందులో ఆరు ఎల్ఐలు, అంటే జాబితాలో ఆరు అంశాలు, ఒక్కోదాంట్లో ఒక్కో లింకు. అంతే. రంగు లేదు, పెట్టె లేదు. కానీ చూడండి, నొక్కితే పనిచేస్తోంది. ఈ బోసి జాబితానే బండి. మిగతాదంతా దాని మీద వేసే రంగు. నావ్ అని ఎందుకు రాస్తామంటే, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడరు దాన్ని పట్టుకుని ‘ఇక్కడ మెనూ ఉంది’ అని చెబుతుంది. అదే డివ్ అని ఉత్త పెట్టెలా రాస్తే దానికి ఏమీ తెలియదు.

ఇప్పుడు ఇదే పేజీని నా ఫోనులో తెరుస్తాను. చూశారా, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. తప్పు ఫోనుది కాదు. మనం చెప్పకపోతే ఫోను ఇది పాత కంప్యూటరు పేజీ అనుకుంటుంది. ఐఫోను అయితే 980 పిక్సెళ్ల వెడల్పు ఉందని ఊహించుకుని గీసి, దాన్ని కుదించి చూపిస్తుంది. చిన్న లైను మీదికి పెద్ద బండిని నొక్కి ఎక్కించినట్టు. పేజీ మొదట్లో ఉండే హెడ్ ట్యాగులో ఒక్క మెటా వ్యూపోర్ట్ లైను రాసి, విడ్త్ ఈక్వల్స్ డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్ 1 అని చెప్పాలి. ఇదిగో రాశాను. మళ్లీ తెరిచాను. అక్షరాలు మామూలు సైజుకి వచ్చాయి. కొంతమంది దీంతోపాటు యూజర్-స్కేలబుల్ నో అని కలుపుతారు, వేళ్లతో పెద్దది చేసుకోకుండా. దయచేసి కలపకండి. మా నాన్న డెబ్బై ఏళ్ల మనిషి, ఏ పేజీ తెరిచినా ముందు రెండు వేళ్లూ పెట్టి పెద్దది చేస్తారు. ఆయన చెయ్యి కట్టేసే హక్కు మనకి లేదు.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, ఎందుకంటే ఇది తెలుగులో మెనూ చేసే ప్రతివాళ్లకీ తగులుతుంది, ఇంగ్లీషు పాఠాల్లో మాత్రం ఎక్కడా దొరకదు.

కొన్నేళ్ల క్రితం ఒక బడికి సైటు చేశాను. మెనూ పట్టీ అందంగా సన్నగా ఉండాలని దానికి ఎత్తు సరిగ్గా 32 పిక్సెళ్లు కట్టేశాను, బయటికి పొంగింది కనిపించకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాను. నా కంప్యూటర్లో చక్కగా ఉంది. వారం తర్వాత పెద్ద మాస్టారు ఫోను చేసి, ‘అమ్మా, మన సైటులో వారలు అని ఉందేమిటి?’ అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన ఫొటో తీసి పంపారు. ‘వార్తలు’ అన్న మాటలో ర కింద ఉండే త ఒత్తు మొత్తం తెగిపోయింది. పక్కన ‘పుస్తకాలు’ కాస్తా పుసకాలు. ‘కొత్తవి’ కాస్తా కొతవి. పిల్లలకి అక్షరాలు నేర్పే బడికి నేను ఒత్తులు నరికేసిన తెలుగు ఇచ్చాను. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

కారణం చూడండి. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద నిలబడుతుంది, కిందికి దిగితే జీ, వై లాంటి వాటి తోక మాత్రమే. మన అక్షరానికి పైన తలకట్టో గుడో ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ‘స్త్రీ’ రాసి చూడండి, ఎంత లోతుకి దిగుతుందో. పైగా ఒక్కో ఫోనులో ఒక్కో తెలుగు ఫాంటు ఉంటుంది, ఒక్కోదాంట్లో ఒత్తు ఒక్కో లోతు. నా కంప్యూటర్లో సరిపోయింది మాస్టారి ఫోనులో తెగింది, అందుకే. ఒడియాకీ ఇదే బాధ, వాళ్ల అక్షరాలకీ కింద ఒత్తులున్నాయి.

కాబట్టి మెనూలో హైట్ అని అంకె ఎప్పుడూ కట్టకండి. మిన్-హైట్ పెట్టండి, కనీసం ఇంత, కావాలంటే పెరగొచ్చు అని. పైనా కిందా ప్యాడింగ్, అంటే ఖాళీ చోటు, ఇవ్వండి. లైన్-హైట్, అంటే వరస ఎత్తు, అక్షరం సైజుకి 1.6 రెట్ల కంటే తగ్గించకండి, నేను 1.7 వాడతాను. ఓవర్‌ఫ్లో హిడెన్ జోలికి అసలు పోకండి. ఇప్పుడు నేను తెలుగు మెనూ దేన్నైనా పరీక్షించేటప్పుడు ముందు అందులో ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘వార్తలు’ అని టైపు చేసి, అక్షరం అక్షరం కళ్లతో తడిమి చూస్తాను. మీరూ చేయండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు చిన్న లైను. నాలుగే మాటలుంటే దాచకండి. డిస్‌ప్లే ఫ్లెక్స్, ఫ్లెక్స్-వ్రాప్ వ్రాప్ అని పెడితే, పట్టినన్ని ఒక వరసలో ఉండి మిగిలినవి కిందికి దిగుతాయి. రెండు వరసలైనా అన్నీ కళ్ల ముందే ఉంటాయి. దాచిన మెనూ కంటే కనిపించే మెనూ ఎప్పుడూ మేలు. ఈ విషయంలో నాతో పనిచేసేవాళ్లతో నాకు ఎన్నోసార్లు వాదన జరిగింది, నా మాట మార్చుకోలేదు. మనకి మాత్రం ఆరున్నాయి, తెలుగులో అవి ఫోను మీద మూడు వరసలు తింటాయి, కింద ఉన్న వార్త కనపడదు. కాబట్టి ఇక్కడ బటను పెడదాం.

ఆ బటను అందరికీ తెలిసిందే, మూడు అడ్డగీతలు. నార్మ్ కాక్స్ అనే ఆయన 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం గీశాడు. మనకి అలవాటైపోయింది కాబట్టి అందరికీ తెలుసనుకుంటాం. మా పక్కింటి పిన్నికి గ్రంథాలయం సైటు చూపించి పుస్తకాల పేజీకి వెళ్లమన్నాను. పైకీ కిందికీ జరిపి, ఆగి, ఆ మూడు గీతలు చూపించి, ‘ఈ విభూతి రేఖలేటమ్మా, గుడిదా ఇది?’ అంది. ఆవిడకి అది నొక్కేదని ఎలా తెలుస్తుంది? మర్నాడు గీతల పక్కన ‘మెనూ’ అని రాశాను. మళ్లీ ఇచ్చాను. హోటల్లో చూసిన మాటేగా, నొక్కింది. తెరుచుకున్నాక అదే బటను మీద ‘మూసేయి’ అని మారుతుంది. గీతలు ఉంచండి, పక్కన మాట కూడా రాయండి. ఒక్క మాటకి చోటు లేనంత చిన్న ఫోను నేనింతవరకూ చూడలేదు.

బటను సైజు కూడా చెప్పాలి. వెబ్ పేజీలు అందరూ వాడుకునేలా ఉండాలన్న నియమాలకి డబ్ల్యూసీఏజీ అని ఒక ప్రమాణం ఉంది. 2023లో వచ్చిన దాని 2.2 కూర్పు ప్రకారం నొక్కేది ఏదైనా కనీసం 24 పిక్సెళ్ల పొడవూ వెడల్పూ ఉండాలి, మేలైన స్థాయికి 44. నేను 44 నుంచి 48 పెడతాను. పొలం పని చేసిన వేలు, పిండి కలిపిన వేలు నా వేలంత సన్నగా ఉండవు.

ఇక కోడులో దాన్ని బటన్ అనే ట్యాగుతోనే రాయాలి. డివ్‌కి క్లిక్ తగిలించి బటనులా రంగేస్తే మౌసుకి పనిచేస్తుంది, కీబోర్డుకి పనిచేయదు. బటన్ ట్యాగు అయితే ట్యాబ్ కీతో దాని మీదికి వెళ్లొచ్చు, ఎంటర్ నొక్కితే తెరుచుకుంటుంది, మనం ఏమీ రాయక్కర్లేదు. దానికి ఒక గుర్తు తగిలించాలి: ఏరియా-ఎక్స్‌పాండెడ్. మూసి ఉంటే ఫాల్స్, తెరిచి ఉంటే ట్రూ. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడరు వాడే చూపులేని పిల్లలకి ఇది చదివి వినిపిస్తుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది, ఇది రాసుకోండి. బటను వెంటనే కింద యూఎల్ ఉంచండి. పేజీకి రూపం చెప్పే సీఎస్ఎస్‌లో ఆ గుర్తునే చూడమనండి: బటను ఏరియా-ఎక్స్‌పాండెడ్ ట్రూ అయితే దాని పక్కనున్న జాబితా చూపించు, లేకపోతే డిస్‌ప్లే నన్, అంటే చూపించకు. వేరే క్లాసు పేర్లు పెట్టక్కర్లేదు. కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ ఒకే గుర్తు మీద నడుస్తాయి. మెనూ తెరిచి ఉండగా ‘మూసి ఉంది’ అని టాక్‌బ్యాక్ చెప్పే పొరపాటు ఇక జరగదు. దాచడానికి ఒపాసిటీ సున్నా పెట్టి ఊరుకోకండి. కంటికి మాయమవుతుంది గానీ ట్యాబ్ నొక్కితే కనపడని లింకుల మీద ఆగుతూ పోతుంది, వాడే మనిషికి పిచ్చెక్కుతుంది.

బటనుకి పని నేర్పే జావాస్క్రిప్టు ఎంత? పది లైన్లు. బటను నొక్కితే ట్రూని ఫాల్స్ చెయ్యి, ఫాల్స్‌ని ట్రూ చెయ్యి, మాట మార్చు. ఎస్కేప్ కీ నొక్కితే మూసేసి, కీబోర్డు ఫోకస్ మళ్లీ బటను మీద పెట్టు. అయిపోయింది. కానీ ఈ పది లైన్లు ఎక్కడ ఉంచాలన్నది ముఖ్యం. మన జిల్లాలో కొండ వైపు ఊళ్లు మీకు తెలుసు. పేజీ వస్తుంది, స్క్రిప్టు ఫైలు దారిలో ఆగిపోతుంది. మనం జాబితాని సీఎస్ఎస్‌లో ముందే దాచేసి ఉంటే, ఆ మనిషికి బటను కనిపిస్తుంది, ఎంత నొక్కినా తెరుచుకోదు. తలుపుకి తాళం వేసి తాళంచెవి తర్వాతి బస్సుకి పంపినట్టు. అందుకని మొదట జాబితా తెరిచే ఉంచండి, బటను దాచి ఉంచండి. స్క్రిప్టు వచ్చి బటనుకి పని అప్పగించాక, అదే స్క్రిప్టు బటను చూపించి జాబితా మూయాలి. స్క్రిప్టు రాకపోతే మూడు వరసల జాబితా నిండుగా ఉంటుంది, అందంగా ఉండదు, పని మాత్రం అవుతుంది. పది లైన్లే కాబట్టి నేను వేరే ఫైలు పెట్టకుండా పేజీలోనే రాసేస్తాను, పేజీతోపాటే దిగుతుంది.

పెద్ద లైనుకి వద్దాం. చాలామంది టాబ్లెట్ అంటే ఇంత, ల్యాప్‌టాప్ అంటే ఇంత అని అంకెలు బట్టీపట్టి మీడియా క్వెరీలు, అంటే తెర వెడల్పుని బట్టి రూపం మార్చే నియమాలు, రాస్తారు. ఆ ఫోన్లు ఏటేటా మారిపోతాయి. నేనిలా చేస్తాను, చూడండి. బ్రౌజరు కిటికీ అంచు పట్టుకుని మెల్లగా లాగుతున్నాను. ఆరు మాటలూ ఒక వరసలో ఉన్నాయి... ఉన్నాయి... ఇదిగో, ‘చిరునామా’ కిందికి జారింది. ఇక్కడే మన గీత. నాకు 41 ఈఎమ్, అంటే అక్షరం సైజుకి 41 రెట్ల, దగ్గర జారింది, కొంచెం ఊపిరి తీసుకోవడానికి 43 పెడతాను. మీడియా, మిన్-విడ్త్ 43 ఈఎమ్ అయితే బటను దాచు, జాబితాని ఒక వరసలో పరిచెయ్యి. మన పేజీలో ఇదొక్కటే మీడియా క్వెరీ.

పిక్సెళ్లలో కాకుండా ఈఎమ్‌లో ఎందుకు అని ఆ చెల్లెలు అడుగుతోంది. మంచి ప్రశ్న. మా నాన్నలాంటి వాళ్లు బ్రౌజరులో అక్షరాల సైజు పెంచుకుని ఉంచుకుంటారు. అప్పుడు మాటలు వెడల్పవుతాయి, కిటికీ అంతే ఉంటుంది. పిక్సెళ్లలో గీత గీస్తే మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. ఈఎమ్ అయితే అక్షరంతోపాటు గీత కూడా జరుగుతుంది, చోటు చాలనప్పుడు దానంతట అదే బటను మెనూకి మారుతుంది.

ఇంకో సంగతి, ఇది మన ఊరికి సంబంధించింది. మన ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, ఫీజు రసీదులో ఇంగ్లీషు. నా మేనకోడలు గలగలా తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే ఒడియానే చదువుతుంది. కాబట్టి గ్రంథాలయం సైటు మూడు భాషల్లో ఉండాలి. భాష మార్చే లింకుల్ని ఎప్పుడూ ఆ మూడు గీతల లోపల దాచకండి. తెలుగు చదవడం రాని పిల్ల తెలుగులో ‘మెనూ’ అని రాసిన బటను నొక్కి, లోపల తెలుగులో ‘భాష’ అన్న మాట వెతకాలా? అవి పైనే, బటను పక్కనే ఉండాలి. ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలో ఉండాలి. ఒక్కో లింకుకి లాంగ్ గుర్తు పెట్టాలి, తెలుగుకి టీఈ, ఒడియాకి ఓఆర్, ఇంగ్లీషుకి ఈఎన్, లేకపోతే స్క్రీన్ రీడరు తెలుగు గొంతుతో ఒడియా చదవబోతుంది. పుస్తకాల పేజీలో ఉండి ఒడియా నొక్కితే ఒడియా పుస్తకాల పేజీకే వెళ్లాలి, మొదటి పేజీకి విసిరేయకూడదు. ఇందాక లాగి చూసిన గీత కూడా మూడు భాషల్లోనూ విడివిడిగా లాగి చూసి, అన్నిటికన్నా పొడుగు మెనూకి సరిపోయే అంకె తీసుకోవాలి.

రేపు మీలో ఎవరైనా సవర పేజీ కూడా పెడితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. సవరకి సొంత లిపి ఉంది, సోరా సోంపెంగ్. మంగే గొమాంగో 1936లో తయారు చేశారు. మన ఊరు ఒడిశాలో కలిసిన సంవత్సరమూ అదే, ఆ ఏప్రిల్ 1. ఆ లిపికి 2012లో కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చోటు దొరికింది. అయితే చాలా ఫోన్లలో దాని ఫాంటు ఉండదు, అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి. నోటో అనే ఫాంట్ల వరసలో ఆ లిపికి ఉచిత ఫాంటు ఉంది, దాన్ని పేజీతోపాటే పంపించాలి. తెలుగుకి మాత్రం మెనూలో ఫోనులో ఉన్న ఫాంటే వాడండి, శీర్షికలకి కావాలంటే మండలి, రామభద్ర లాంటివి తెచ్చుకోండి.

మెనూలో మెనూ, అంటే మౌసు పెడితే కిందికి జారేవి, వాటి గురించి ఎక్కువ చెప్పను. వేలికి ‘మీద పెట్టడం’ అన్నది లేదు, నొక్కడమే ఉంది. కాబట్టి మౌసు పెడితేనే తెరుచుకునేది ఫోనులో సరిగ్గా తెరుచుకుంటుందని నమ్మకం లేదు. చిన్న సైటుకి అవి అక్కర్లేదు. జారే కదలికలు కూడా పెట్టుకోవాలంటే పెట్టుకోండి, కొందరికి కదలికతో తల తిరుగుతుంది, వాళ్లు ఫోనులో కదలికలు ఆపమని పెట్టుకుంటారు. ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అన్న క్వెరీతో అది తెలుసుకుని ఆపేయాలి.

(సభలోంచి ప్రశ్న: అక్కా, బూట్‌స్ట్రాప్ వాడితే ఇదంతా వచ్చేస్తుంది కదా?)

చాలా వరకు వస్తుంది తమ్ముడూ. బూట్‌స్ట్రాప్ అంటే ముందే రాసిపెట్టిన సీఎస్ఎస్, స్క్రిప్టుల కట్ట. వాడొద్దని అనను, నేనూ వాడాను. బటను ట్యాగు, ఏరియా గుర్తు అందులో సరిగ్గానే ఉంటాయి. కానీ దాని ఎల్‌జీ గీత, అంటే పెద్ద తెర రూపం మొదలయ్యే చోటు, 992 పిక్సెళ్ల దగ్గర ఉంటుంది. నీ తెలుగు మాటలు ఎక్కడ జారతాయో దానికి తెలియదు, నువ్వే లాగి చూడాలి. దాని బటను మీద మూడు గీతలే ఉంటాయి, ‘మెనూ’ అని నువ్వే రాయాలి. లైన్-హైట్ నువ్వే పెంచాలి. ‘గ్రంథ సూచిక’ని ‘పుస్తకాలు’ అని అది మార్చదు. ముందు ఒకసారి చేత్తో రాయి. ఆ తర్వాత వాడితే అందులో ఏది ఎందుకుందో నీకు తెలుస్తుంది.

సరే, మాటలు చాలు. అభ్యాసం పేజీ చిరునామా తెర మీద పెట్టాను, అందరూ ఫోన్లు తీయండి. ముందు నిలువుగా చూడండి, తర్వాత అడ్డంగా తిప్పండి. అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది చేసి మళ్లీ చూడండి. ఒత్తు తెగినా, మాట కిందికి జారినా చెయ్యెత్తండి, ఇక్కడే సరిచేద్దాం. మాస్టారూ, మీ ఫోను కూడా తీయండి. ఆ చివర కూర్చున్న తమ్ముడు, నీదే అన్నిటికంటే చిన్న ఫోనులా ఉంది. తెర పగిలిందా? పర్వాలేదు, ఇటివ్వు, దాంతోనే మొదలుపెడదాం.